కీబోర్డుకు యాంపా, పవర్డ్ స్పీకరా: మూడు బాక్సుల పరిశీలన

గిటార్ యాంప్ గిటార్ స్వరంలో సగం. దాని స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటాక పడిపోతుంది, మధ్య స్వరాలను ముందుకు తెస్తుంది, కాస్త డిస్టార్షన్ (స్వరం చిట్లడం) కలుపుతుంది. ఆ మార్పులన్నీ గిటారిస్టుకు కావాల్సినవే. కీబోర్డులో మాత్రం పియానో, ఆర్గాన్, స్ట్రింగ్స్ అన్నీ పూర్తిగా తయారై బయటికి వస్తాయి. వాటికి ఏమీ కలపకుండా, ఏమీ తీసేయకుండా పెద్దది చేసే స్పీకర్ కావాలి. అందుకే స్టేజీ మీద కీబోర్డుకు మా మొదటి ఎంపిక కీబోర్డ్ యాంప్ కాదు, 10 అంగుళాల పవర్డ్ పీఏ స్పీకర్, అంటే యాంప్ లోపలే ఉన్న, సభల్లో వాడే స్పీకర్.

రోలాండ్ కేసీ-600 ఈ కోవలో బాగా పేరున్న కీబోర్డ్ యాంప్. 200 వాట్లు, కింది స్వరాలకు 15 అంగుళాల వూఫర్, పై స్వరాలకు హార్న్ ట్వీటర్. నాలుగు స్టీరియో చానెళ్లున్న మిక్సర్ అందులోనే ఉంది. మొదటి చానెల్‌కు మైకు కూడా పెట్టుకోవచ్చు. రెండు కీబోర్డులు, ఒక మైకు, రిథమ్ ట్రాక్ అన్నీ ఒకే బాక్సులోకి తెచ్చుకునేవారికి ఇది నిజంగా సుఖం. రిహార్సల్ గదిలో ఒకచోట పెట్టి వదిలేయడానికి ఇంతకంటే మంచిది వెతకక్కర్లేదు. కానీ బరువు 30 కిలోలకు దగ్గర. పైగా 15 అంగుళాల కోను బాసుకు బాగున్నా, పియానో మధ్య స్వరాల్లో చిన్న కోనంత చురుగ్గా పలకదు. స్టేజీల మీదికి మోసుకెళ్లేవారికి దీన్ని సిఫారసు చేయం.

మిగతా రెండు బాక్సులు 10 అంగుళాల పవర్డ్ స్పీకర్లు. యమహా డీఎక్స్ఆర్10 బరువు 14.6 కిలోలు, క్యూఎస్‌సీ కే10.2 బరువు 14.5 కిలోలు. ఒక చేత్తో ఎత్తవచ్చు. రెండూ కింద 56 హెర్ట్జ్ వరకు పలుకుతాయని కంపెనీలు రాస్తాయి. 88 మెట్ల పియానోలో కింది నుంచి రెండో 'ఏ' (A) స్వరం 55 హెర్ట్జ్. దానికంటే కింద ఉన్నవి 12 మెట్లే. వాటిలో కూడా చెవి ఎక్కువగా పట్టుకునేది పై హార్మోనిక్స్‌నే (అసలు స్వరంతో పాటు పలికే పై స్వరాలనే). 61 మెట్ల కీబోర్డులో అట్టడుగు 'సీ' (C) స్వరం 65 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది కాబట్టి, ఆక్టేవ్ కిందికి మార్చనంతవరకు ఆ బెంగే లేదు. ఎడమచేత్తో సింథ్ బాస్ వాయించేవారికి మాత్రం 12 అంగుళాల బాక్సో, విడిగా సబ్ వూఫరో తప్పదు. 8 అంగుళాల బాక్సు డ్రమ్స్ పక్కన చాలదు.

వాట్లను చూసి మోసపోవద్దు. కే10.2 మీద రాసిన 2000 వాట్లు, డీఎక్స్ఆర్10 మీద రాసిన 1100 వాట్లు క్షణకాలపు గరిష్ఠాలు. డీఎక్స్ఆర్10 నిలకడగా ఇచ్చేది 700. వాట్లు రెట్టింపయితే పెరిగేది 3 డీబీ (డెసిబెల్, శబ్ద తీవ్రత కొలత) మాత్రమే. శబ్దం రెండింతలు వినిపించాలంటే 10 డీబీ కావాలి. కాబట్టి గరిష్ఠ ఎస్‌పీఎల్ అంకె, అంటే బాక్సు ఎంత గట్టిగా పలకగలదో డీబీల్లో చెప్పేది, చూడండి. డీఎక్స్ఆర్10కు 131, కే10.2కు 130. ఆ ఒక్క డీబీ తేడాను లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. పియానో కార్డ్ గట్టిగా కొట్టిన తొలి క్షణం సగటు కంటే చాలా పైకి ఎగురుతుంది. ఆ ఎగురుడుకు చోటు లేని చిన్న యాంప్‌లో లిమిటర్ (శబ్దాన్ని హద్దు దాటనివ్వని సర్క్యూట్) దీపం వెలుగుతుంది, కార్డ్ మొద్దుబారుతుంది.

ఇక అసలు చిక్కు మోనో, అంటే ఎడమ, కుడి శబ్దాలు ఒకటిగా కలిసి రావడం. ఈ మూడూ విడిగా వాడితే మోనో బాక్సులే. కేసీ-600లో చానెళ్లు స్టీరియో అయినా లోపల స్పీకర్ ఒక్కటే. కీబోర్డులోని పియానో టోన్లు చాలావరకు రెండు మైకులతో రికార్డయినవి. ఒకే స్వరం రెండు మైకులకూ వేర్వేరు క్షణాల్లో చేరుతుంది. ఆ రెండింటినీ కలిపితే కొన్ని ఫ్రీక్వెన్సీలు ఒకదాన్నొకటి చంపుకుంటాయి. హెడ్‌ఫోన్లో నిండుగా ఉన్న పియానో స్టేజీ మీద డొల్లగా, దూరంగా వినిపించడానికి కారణం చాలాసార్లు ఇదే. స్పీకర్‌ను నిందించి ఇంకోటి కొన్నా ఫలితం ఉండదు. ఎడమ/మోనో జాక్ ఒక్కటే వాడితే చాలా కీబోర్డులు లోపలే రెండింటినీ కలిపేస్తాయి, సమస్య అలాగే ఉంటుంది. మోనో కోసమే చేసిన పియానో టోన్ ఉంటే అది ఎంచుకోండి. లేకపోతే కుడి జాక్‌లో రెండో కొన దేనికీ కలపని ఖాళీ కేబుల్ గుచ్చి, ఎడమ అవుట్‌పుట్ మాత్రమే పంపి చూడండి. అప్పుడు కలపడం జరగదు. కొన్ని టోన్లలో పై మెట్లు కాస్త తగ్గుతాయి, అది మాత్రం గమనించుకోవాలి. రెండు అవుట్‌పుట్లను వై కేబుల్‌తో (రెండు కొనలు ఒకటిగా కలిసేది) ఒకే ఇన్‌పుట్‌లోకి తోయడం మాత్రం వద్దు. ఒక అవుట్‌పుట్ రెండోదానికి భారమై స్వరం చెడుతుంది. రోటరీ ఆర్గాన్ (స్వరం తిరుగుతున్నట్టు వినిపించేది), ఆటోపాన్ (స్వరం ఎడమ, కుడి ఊగడం) ఉన్న ఎలక్ట్రిక్ పియానో మీ ప్రాణమైతే రెండు బాక్సులు కొనండి. ఒక పెద్ద బాక్సు కంటే రెండు 10 అంగుళాల బాక్సులే మేలు.

సెట్టింగుల్లో ఒకటి గుర్తుంచుకోండి. డీఎక్స్ఆర్10 వెనక ఉన్న డీ-కాంటూర్ అనే టోన్ స్విచ్‌ను ఆఫ్‌లో పెట్టండి. మెయిన్ స్థానంలో అది పై, కింది స్వరాలను పెంచుతుంది, పియానో గరగరలాడుతుంది. కే10.2లో డ్యాన్స్ వంటి ప్రీసెట్లకు బదులు డిఫాల్ట్‌తో మొదలుపెట్టండి. బాక్సును నేల మీద వాలుగా పెడితే బాస్ పెరుగుతుంది, గోడ మూల అయితే ఇంకా పెరుగుతుంది. అప్పుడు 200 హెర్ట్జ్ దగ్గర 2, 3 డీబీ తగ్గించండి. బాస్ గిటార్‌తో గుద్దులాట అక్కడే. హార్న్ చెవి ఎత్తుకు సూటిగా ఉండాలి. మోకాళ్ల వైపు చూస్తుంటే మీకు పై స్వరాలు సరిగా అందవు, మీరు ట్రెబుల్ పెంచుతారు, ముందు వరుసలో ఉన్నవాళ్ల చెవులు గింగురుమంటాయి.

కీబోర్డ్ వాల్యూమ్‌ను మూడొంతుల దగ్గర ఉంచి, మిగతాది బాక్సులో పెంచండి. ఇన్‌పుట్ స్విచ్ లైన్‌లో ఉందో లేదో చూసుకోండి. మైక్‌లో ఉంటే మొదటి కార్డ్‌కే పగులుతుంది. మెయిన్ సౌండ్ ఇంజినీరుకు పంపే లైన్‌ను బాక్సు కంటే ముందే డీఐతో (కీబోర్డు సిగ్నల్‌ను మిక్సర్‌కు సరిపడేలా మార్చే చిన్న పెట్టె) తీసేయండి. అప్పుడు మీ మానిటర్ వాల్యూమ్ మార్చినా ఆయన మిక్స్ కదలదు. మామూలు కేబుల్ 5, 6 మీటర్లు దాటితే గుయ్‌మనే శబ్దం పట్టుకునే ప్రమాదం ఉంది. ఆపై దూరానికి డీఐ నుంచి ఎక్స్ఎల్ఆర్ కేబులే (మూడు పిన్నుల మైకు కేబుల్) వాడండి. లాప్‌టాప్‌ను యూఎస్‌బీతో కీబోర్డుకు కలిపిన వెంటనే ఆ శబ్దం మొదలైతే అది గ్రౌండ్ లూప్, అంటే రెండు దారుల్లో ఎర్త్ కలవడం వల్ల వచ్చే శబ్దం. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐలో గ్రౌండ్ లిఫ్ట్ (సిగ్నల్ కేబుల్ గ్రౌండ్‌ను విడదీసే స్విచ్) నొక్కితే చాలావరకు పోతుంది. ప్లగ్గుకున్న ఎర్త్ పిన్ను మాత్రం ఎన్నడూ తీయవద్దు, అది ప్రాణం మీదికి తెస్తుంది. ఆన్ చేసేటప్పుడు కీబోర్డు ముందు, బాక్సు చివర. ఆపేటప్పుడు బాక్సు ముందు.