జింకు: మాత్రా, మాంసమా, పులిసిన పిండా?

"జింకు మాత్ర ఇంకా వేసుకోమంటారా, ఆపేయమంటారా?" గవర్నరుపేటలో నేను ఆహార సలహాలు ఇచ్చే గదికి వచ్చేవాళ్లలో వారానికి ఇద్దరైనా ఈ మాట అడుగుతారు. కరోనా రోజుల్లో చీటీకి ఎక్కిన ఆ మాత్ర విజయవాడలో చాలా ఇళ్లలో ఇంకా దిగలేదు. మొన్న మా పెద్దమ్మ విషయంలో నేనే తేల్చుకోవలసి వచ్చింది కాబట్టి ఈసారి వివరంగా రాస్తున్నాను.

ముందుగా మాత్రకు సాటి లేని చోటు చెబుతాను. విరేచనాలు పట్టుకున్న పసిపిల్లలకు ఓఆర్‌ఎస్‌తో పాటు జింకు కూడా ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి 2004లో చెప్పాయి. మన దగ్గర ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల బిడ్డకు 10, మొత్తం 14 రోజులు ఇస్తారు. చెంచాడు కాచి చల్లార్చిన నీళ్లలోనో తల్లిపాలలోనో వేస్తే మాత్ర కరిగిపోతుంది. మూడో రోజుకు బిడ్డ తేరుకున్నాడని చాలామంది తల్లులు ఆపేస్తారు. దయచేసి ఆపవద్దు. దెబ్బతిన్న పేగు పొర కుదురుకోవడానికి, తర్వాతి రెండు మూడు నెలల్లో విరేచనాలు మళ్లీ పట్టుకోకుండా ఉండటానికి ఆ మిగతా రోజులు అవసరం. ఇక్కడ ఏ తిండీ పోటీకి రాదు.

పెద్దవాళ్ల సంగతి వేరు. పెద్దమ్మ మాత్రల అట్టను వెనక్కి తిప్పి చూశాను. వెండిరంగు రేకు మీద, కళ్లజోడు ఉంటే తప్ప కనిపించని అక్షరాల్లో, జింకు 50 మిల్లీగ్రాములు అని ఉంది. పెద్దవాళ్లకు రోజుకు 40 దాటకూడదన్నది పరిమితి. ఆవిడ మూడేళ్లుగా రోజూ దాన్ని దాటుతూనే ఉన్నారు. హిమోగ్లోబిన్ తగ్గుతూ వచ్చింది, ఐరన్ మాత్రలకు లొంగలేదు. చివరకు వైద్యులు రక్తంలో రాగి ఎంత ఉందో చూపించమన్నారు. బాగా తక్కువగా ఉంది. జింకు అతిగా చేరితే పేగు కణాలు రాగిని రక్తంలోకి పోనీయకుండా తమలోనే పట్టి ఉంచుతాయి. రాగి ఒంట్లో పేరుకుపోయే విల్సన్ జబ్బుకు జింకును మందుగా ఇచ్చేది ఇందుకే. ఆ జబ్బు లేని మనిషికి అదే గుణం కీడు చేస్తుంది. రాగి కొరవడితే రక్తం తగ్గుతుంది, జబ్బులతో పోరాడే తెల్ల కణాలూ తగ్గుతాయి. ఏ శక్తి కోసం మింగారో ఆ శక్తికే ఎసరు. కరోనా సోకినవాళ్లకు రోజుకు 50 మిల్లీగ్రాములు ఇచ్చి చూసిన ఒక అమెరికా పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. వేసుకున్నవాళ్లు త్వరగా కోలుకున్నారనడానికి అందులో ఆధారం దొరకలేదు.

మాంసం విషయం త్వరగా తేలిపోతుంది. వంద గ్రాముల వేటమాంసంలో సుమారు 4 మిల్లీగ్రాముల జింకు ఉంటుంది, పీతల్లోనూ ఇంచుమించు అంతే. ఒంటికి బాగా పడుతుంది. అయితే జింకును శరీరం పెద్దగా దాచుకోదు. ఆదివారం తిన్నది శనివారానికి అక్కరకు రాదు. గుడ్డు మంచిదే గానీ ఒక్కోదానిలో సగం మిల్లీగ్రాముకు కాస్త పైన, అంతే.

మిగతా రోజుల్లో, అసలు మాంసమే ముట్టని ఇళ్లలో ఏం చేయాలి? ఇక్కడే నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే విషయం ఉంది. కంచంలో ఉన్న జింకు అంతా ఒంటికి పట్టదు. పప్పులు, గింజలు, ధాన్యాల్లో ఉండే ఫైటేట్ దాన్ని గట్టిగా పట్టుకుని తనతో పాటు బయటికి తీసుకుపోతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల్లో మగవాళ్లకు రోజుకు 17, ఆడవాళ్లకు 13.2 మిల్లీగ్రాములు కావాలి. అమెరికాలో 11, 8 చాలంటారు. మన తిండిలో ధాన్యం, పప్పు ఎక్కువ కాబట్టే మనకు అంత పెద్ద అంకె. మనుషుల్లో జింకు లోపం ఉంటుందని తొలిసారి 1961లో చెప్పిన ఆనంద ప్రసాద్ మన దేశంలో పుట్టిన వైద్యుడే. ఇరాన్‌లో ఆయన చూసిన ఇరవయ్యొక్క ఏళ్ల యువకుడు పదేళ్ల పిల్లవాడిలా ఉన్నాడు. ఆ ప్రాంతంలో ముఖ్యమైన తిండి పులియబెట్టని గోధుమ రొట్టె. అందులో జింకు లేకపోలేదు, ఫైటేట్ దాన్ని వదల్లేదు.

ఫైటేట్‌ను విరగ్గొట్టే ఎంజైము గింజలోనే ఉంటుంది. నీళ్లు తగిలి మొలక రాబోతున్నప్పుడు పని మొదలుపెడుతుంది. పిండి పులిసేటప్పుడు పెరిగే సూక్ష్మజీవులు, ఆ పులుపు కూడా దానికి తోడ్పడతాయి. ఇది దృష్టిలో పెట్టుకుని పెద్దమ్మ వంటింట్లోకి వెళ్లాను. మినప్పప్పు గంట నానబెట్టి, రుబ్బి, రవ్వ కలిపి, వంటసోడా వేసి వెంటనే ఇడ్లీ పెడుతున్నారు. ఆ పిండి పొంగింది గానీ పులవలేదు. బుడగలన్నీ సోడావి, ఫైటేట్ ఉన్నచోటే ఉంది. ఇప్పుడు పప్పు ఆరు గంటలు నానుతుంది, ఆ నీళ్లు పారబోస్తారు, రుబ్బిన పిండి రాత్రంతా గిన్నెలో ఉంటుంది. తెల్లవారి మూత తీస్తే అంచుదాకా లేచిన పిండి, గరిటె దించగానే సన్నగా చిటపట, పుల్లని వాసన. మే నెలలో మా ఊళ్లో ఆరు గంటలు చాలు, డిసెంబరులో పన్నెండు పడుతుంది.

నాలుగు ఇడ్లీల్లో జింకు 2 మిల్లీగ్రాముల లోపే. అందుకే వాటితో ఆగకూడదు. పెసలు నానబోసి, నీళ్లు వంచి, గుడ్డలో కట్టి, తెల్లని మొలక కొస కనిపించాక రుబ్బి పెసరట్టు వేయండి. సాయంత్రానికి రాత్రి నానిన శనగల గుగ్గిళ్లు చేయండి. వంద గ్రాముల నువ్వుల్లో 7 మిల్లీగ్రాముల పైగా జింకు ఉన్నా, వేపినంత మాత్రాన ఫైటేట్ పెద్దగా పోదు. నువ్వులపొడి అన్నంలోకి ఒక చెంచా చాలు.

జలుబుకు చప్పరించే జింకు బిళ్లల మీద ఆధారాలు బలంగా లేవు. జింకు ఎక్కువ ఉండేలా పెంచిన డీఆర్‌ఆర్ ధాన్ 45 వరి మంచి ప్రయత్నమే గానీ, మా వీధి కిరాణా కొట్లో నాకింకా కనిపించలేదు. మాత్ర వాడుతున్నవాళ్లు అట్ట వెనక అంకె చూసి మీ వైద్యులకు చూపించండి. అంతవరకు దాన్ని ఐరన్‌తోగానీ, సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్ మందులతోగానీ కలిపి ఒకేసారి మింగవద్దు.

పెద్దమ్మ జింకు ఆపేశారు, రాగికి వైద్యులు మందు ఇచ్చారు. మూడు నెలలకు హిమోగ్లోబిన్ పైకి కదిలింది. రాత్రి ఎనిమిదింటికి ఫోను చేస్తే, "పిండి రుబ్బి పెట్టానమ్మా" అని ముందుగా చెప్పేది ఆవిడే.