దుమ్ము పీల్చే శాండింగ్ బ్లాకు: మూడేళ్లు వాడాక

బేస్‌మెంట్‌లో డ్రైవాల్ (జిప్సం పలకల గోడ) పని మొదలుపెట్టిన మొదటి శనివారం సాయంత్రం, పిండిమరలో పనిచేసి వచ్చినవాడిలా మెట్లెక్కి పైకొచ్చాను. స్నానం చేస్తే పోయేదే కదా అనుకున్నాను. మర్నాడు పొద్దున చూస్తే వంటింట్లో పప్పు డబ్బాల మూతల మీద, దేవుడి పటాల మీద, ఆఖరికి పిల్లల దుప్పట్ల మీద కూడా తెల్లటి పొర. "ముగ్గు వాకిట్లో వేస్తారు, ఇల్లంతా కాదు" అంది మా ఆవిడ. తప్పు నాదే. కింద హీటింగ్ గాలి వెనక్కి లాగే జాలీని మూయకుండానే గోడలు రుద్దాను. అది కింద దుమ్మును పీల్చి పై గదులన్నింటికీ సమానంగా పంచిపెట్టింది.

ఆ రాత్రే ఈ బ్లాకు ఆర్డర్ పెట్టాను. మాది ఒహాయోలో కొలంబస్ దగ్గర. అప్పటి నుంచి బేస్‌మెంట్ మొత్తం, రెండు బెడ్‌రూముల రిపేర్లు, ఒక పూజా మందిరం దీనితోనే చేశాను.

ఇది ఒక ప్లాస్టిక్ దిమ్మ. 70 మిల్లీమీటర్ల వెడల్పు, 198 పొడవు. అడుగున వెల్‌క్రో, దాని నిండా చిల్లులు. వెనక సన్నటి గొట్టం తగిలించి, రెండో కొస షాప్ వ్యాక్యూమ్‌కి (వర్క్‌షాపుల్లో వాడే పెద్ద వ్యాక్యూమ్ క్లీనర్) పెట్టాలి. దీని మీద మామూలు ఉప్పు కాగితం వేసి లాభం లేదు, వలలా ఉండే నెట్ కావాలి. నేను ఫిన్లండ్ కంపెనీ మిర్కా వాళ్ల అబ్రానెట్ వాడతాను. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే దోమతెరలోంచి చూసినట్టు అవతలిది కనిపిస్తుంది. దుమ్ము ఆ కన్నాల్లోంచే లోపలికి పోతుంది కాబట్టి గరుకు పూడుకుపోదు. కాగితమైతే మడ్ (పలకల అతుకులు పూడ్చే ముద్ద, అసలు పేరు జాయింట్ కాంపౌండ్) మీద పది రుద్దులకే నున్నబడిపోయేది. నెట్ ముక్క ఖరీదు ఎక్కువే, కానీ ఒక్క 180 గ్రిట్ ముక్కతో (గ్రిట్ అంటే గరుకు అంకె, అది పెరిగేకొద్దీ గరుకు సన్నబడుతుంది) ఒక గది గోడల జాయింట్లన్నీ అయిపోయాయి.

మా నాన్నగారు అప్పుడు తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. నేను జాయింట్ కాంపౌండ్ అంటుంటే బకెట్‌లోకి తొంగి చూసి "లప్పమేగా ఇది, దానికింత పేరెందుకురా" అన్నారు. లైటు కూడా ఆయనే మార్పించారు. తలమీద వెలిగే లైటు ఆర్పి, టార్చిని గోడకి ఆనించి పక్కనుంచి వేయమన్నారు. అప్పటిదాకా చదునుగా ఉందనుకున్న జాయింట్‌లో కరణీ అంచు వదిలిన గీత, దాని పక్కనే వేలెడు పల్లం, రెండూ నీడలతో సహా బయటపడ్డాయి. దుమ్ము ఉన్నప్పుడు ఆ పల్లాన్ని తెల్లటి పొడి పూడ్చేసి మన కళ్లకి గంతలు కడుతుంది. ప్రైమర్ వేశాక గానీ తెలియదు. నేను ఇల్లు శుభ్రంగా ఉంటుందని కొన్నాను గానీ, అసలు లాభం ఇక్కడుంది. రుద్దుతున్న చోటు రుద్దుతుండగానే కనిపిస్తుంది. ఎక్కడ ఆపాలో తెలుస్తుంది.

ఇక మొదటి నెల పడ్డ అవస్థ. వ్యాక్యూమ్ ఎంత గట్టిగా లాగితే అంత మంచిదనుకుని ఫుల్లులో పెట్టాను. బ్లాకు జలగలా గోడని కరిచి పట్టుకుంది. ముందుకి తోస్తే ఆగి ఆగి కదలడం, ఆగిన ప్రతిచోటా గీతలు, సాయంత్రానికి భుజం పడిపోవడం. తిరిగి పంపేద్దామనుకున్నాను కూడా. గొట్టం కొసన గాలి వదిలే చిన్న కిటికీ ఉంది, దాన్ని సగం తెరిచాక కథ మారింది. ఇప్పుడు నా లెక్క ఒకటే: గోడ మీద పెట్టి చెయ్యి వదిలితే బ్లాకు అక్కడే అతుక్కుని ఉండిపోతే లాగుడు ఎక్కువైనట్టు.

వ్యాక్యూమ్ సంగతి కూడా చూసుకోవాలి. నా పాతదానిలో మామూలు ఫిల్టర్ ఉండేది. ముందు నుంచి పీల్చిన సన్నటి పొడిని వెనకనుంచి గదిలోకే ఊదింది. అతి సన్నటి పొడిని కూడా ఆపే హెపా ఫిల్టర్, లోపల గుడ్డలాంటి మందపాటి సంచి పెట్టాక ఆ బాధ తప్పింది. సంచి లేకపోతే డ్రైవాల్ పొడికి ఫిల్టర్ మడతలు నిమిషాల్లో మూసుకుపోతాయి.

ఈ పొడిలో టాల్క్, అభ్రకం, కొన్నింటిలో సిలికా కూడా ఉంటాయి. అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ 1999లో ఇచ్చిన సమాచారం ప్రకారం, వ్యాక్యూమ్ తగిలించిన శాండర్లు గాలిలో దుమ్మును 80 నుంచి 97 శాతం దాకా తగ్గించాయి. మిగిలిన కాస్త మన ముక్కులోకే కదా, అందుకని ఎన్95 మాస్కు ఇప్పటికీ తీయను.

చెక్క దగ్గర నా మెప్పు కొంచెం తగ్గుతుంది. మందిరం మేపుల్ చెక్కతో చేశాను. తలుపులు, పక్క పలకలు 120, 180, 220 వరసలో నార వెంబడే రుద్దితే అద్దంలా వచ్చాయి, ఒళ్లో కాస్త పొడి కూడా పడలేదు. కానీ బ్లాకు అడుగు గట్టిగా ఉంటుంది. ఒత్తి రుద్దితే నెట్ అచ్చు సన్నటి గీతలుగా దిగుతుంది. మధ్యలో మెత్తటి ఫోమ్ షీటు వేస్తే ఆ గీతలు పోయాయి గానీ, అంచులు గుండ్రబడటం మొదలైంది. చెక్కిన స్తంభాల దగ్గర మళ్లీ మడత పెట్టిన కాగితమే గతి. గోడ మూలల్లోనూ అంతే. బ్లాకు మూల దాకా వెళ్లదు, బలవంతంగా తోస్తే పక్క గోడని గీరుతుంది.

మూడేళ్లలో అడుగు వెల్‌క్రో రెండుసార్లు అరిగింది, అంచుల దగ్గర ముందు పోతుంది. నెట్‌కి, వెల్‌క్రోకి మధ్య వేసే పల్చటి షీటు మొదటి రోజు నుంచే వాడి ఉంటే రెండోసారి కొనాల్సి వచ్చేది కాదు. చలికాలం పొడి గాలిలో గొట్టం చేతికి చిటుక్కున షాకిచ్చేది, యాంటీస్టాటిక్ గొట్టం తెచ్చాక ఆగింది. గొట్టం బరువు మాత్రం అలవాటు కావాల్సిందే. నేను దాన్ని భుజం మీద ఉత్తరీయంలా వేసుకుంటాను.

మీది పాత ఇల్లయితే మాత్రం ఆగండి. అమెరికాలో ఇళ్ల పెయింట్‌లో సీసాన్ని 1978లో, గోడలకి పూసే ప్యాచింగ్ మడ్‌లో ఆస్బెస్టాస్‌ని 1977లో నిషేధించారు. అంతకుముందు కట్టిన ఇంట్లో టెస్ట్ చేయించకుండా ఏ బ్లాకుతోనూ గోడ రుద్దకండి.

గదులకి గదులు చేసుకునేవాళ్లు కళ్లు మూసుకుని కొనొచ్చు. ఫొటో ఫ్రేము తీసేసిన మేకు చిల్లు పూడ్చడానికైతే వద్దు. మడ్ ఆరాక తడిపి పిండిన స్పాంజితో నాలుగుసార్లు తుడవండి, దుమ్మే లేవదు.