పెండింగ్ చలానా: పోలీసు సైటులో కట్టాలా, కోర్టులో తేల్చుకోవాలా, లోక్ అదాలత్ దాకా ఆగాలా?

బండి మీద చలానాలు పేరుకున్నాయి, ఎక్కడ కట్టడం మేలు అన్న ప్రశ్న పాఠకుల నుంచి తరచుగా వస్తూనే ఉంది. లోక్ అదాలత్, అంటే కేసులను రాజీతో ముగించే ఏర్పాటు, తేదీ దగ్గరపడినప్పుడు, రాయితీ ఇస్తున్నారన్న కబురు వాట్సాప్‌లో తిరిగినప్పుడు ఇది మరీ ఎక్కువవుతుంది. తెలంగాణ పోలీసుల ఈ-చలానా సైటులో వాహనం నంబరు, దానితో పాటు ఇంజిన్ లేదా ఛాసిస్ నంబరులోని చివరి నాలుగు అక్షరాంకెలు కొట్టి చూసుకోవడం హైదరాబాద్‌లో బండి నడిపేవారికి కొత్తగా నేర్పవలసిన పని కాదు. మీసేవలోనూ కట్టవచ్చునన్నది అందరికీ తెలిసినదే. కాబట్టి వాటి జోలికి పోకుండా, ఏ దారి ఎవరికి పనికొస్తుందన్నదే ఇక్కడ చూద్దాం.

సాధారణంగా ఈ పోలికను డబ్బుతో మొదలుపెడతారు. ఎక్కడ తక్కువ పడుతుందో అక్కడ కట్టాలనుకోవడం సహజమే. నా ఉద్దేశంలో మాత్రం అంతకంటే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది. పోలీసుల దగ్గర ఉన్న రికార్డు బండిని పట్టుకుని ఉంటుంది, కోర్టులో ఉన్న రికార్డు మనిషిని పట్టుకుని ఉంటుంది. ఈ-చలానా సైటులో వెతకడానికి బండి నంబరు కావాలి. ఈకోర్ట్స్ సైటులో జిల్లా కోర్టుల కేసులు వెతకడానికి కక్షిదారు పేరో, కేసు నంబరో, ప్రతి కేసుకూ విడిగా ఇచ్చే పదహారు అక్షరాంకెల సీఎన్ఆర్ నంబరో కావాలి. బండి నంబరు అక్కడ పనికిరాదు. ఒకచోట ఏమీ లేదని కనబడినంత మాత్రాన రెండోచోట కూడా లేదని అనుకోవడానికి వీల్లేదు. చలానాల గొడవల్లో చాలా భాగం ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం వల్ల వచ్చేవే.

మొదట పోలీసు సైటు సంగతి. హెల్మెట్ లేకపోవడం, రాంగ్ పార్కింగ్, అతివేగం లాంటివాటికి కెమెరా తీసిన ఫొటోతో వచ్చే చలానాలు దాదాపుగా అక్కడే పుట్టి, అక్కడే ముగుస్తాయి. రూ.135, రూ.235, రూ.1,035 అంటూ కనబడే మొత్తాల చివర ఉండే ఆ 35 రూపాయలు యూజర్ చార్జీలు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 200 కింద ఇది కాంపౌండింగ్, అంటే నిర్ణయించిన రుసుము కట్టించుకుని కేసును కోర్టు దాకా పోనివ్వకుండా ముగించడం. కట్టిన తరువాత సాధారణంగా ఆ నేరంపై కోర్టు చర్యలు ఉండవని ఆ సెక్షనే చెబుతోంది. డబ్బు పరంగా కూడా ఇదే తేలిక. 2019లో కేంద్రం చట్టాన్ని సవరించి జరిమానాలను బాగా పెంచినా, తెలంగాణలో చలానాల మొత్తాలు ఆ స్థాయికి పెరగలేదు. హెల్మెట్ లేనందుకు సెక్షన్ 194-డి కింద వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలల పాటు లైసెన్సుపై అనర్హత అని చట్టంలో ఉండగా, ఇక్కడ చలానా మాత్రం వందల్లోనే ఉంటోంది.

అయితే కట్టే ముందు ఫొటో తెరిచి చూడటం తప్పనిసరి. ఫొటో మీద తేదీ, సమయం, చౌరస్తా పేరు ఉంటాయి. నంబరు ప్లేటు మీద ఇంగ్లీషు బి అక్షరం ఎనిమిదిలా, డి సున్నాలా కనబడిన సందర్భాల్లో, కారు యజమాని పేరిట హెల్మెట్ చలానా పడి, ఫొటో తెరిస్తే ఎవరిదో నల్ల స్కూటీ ఉండటం వింతేమీ కాదు. అలాంటిదాన్ని, ఎంత చిన్న మొత్తమైనా, పోనీలే అని కట్టేయడం నాకు నచ్చని పని. కట్టిన తరువాత ఆ వ్యవహారం ముగిసిపోయినట్టే కనుక, అది తనది కాదని చెప్పుకునే అవకాశం దాదాపుగా పోతుంది. సైటులోనే ఫిర్యాదు చేసే వీలుంది. ఫొటో, ఆర్సీ జతచేసి పంపితే సరిచూసి తొలగిస్తారు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2021లో చేర్చిన 167-ఎ ప్రకారం కెమెరా ద్వారా నమోదైన నేరానికి నోటీసు 15 రోజుల్లోపు పంపాలి. ఎప్పుడో పడ్డ చలానా ఇప్పుడే మొదటిసారి కనబడిందని వాదించదలచినవారు గుర్తుంచుకోవలసిన నిబంధన ఇది.

ఇక కోర్టు దారి. కొన్ని కేసులకు ఇది మనం ఎంచుకునే దారి కాదు, ఉన్న ఒకే దారి. డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికినవారికి సైటులో కట్టే వీలు ఉండదు. గోషామహల్‌లోనో బేగంపేటలోనో ఉన్న ట్రాఫిక్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో, వెంట కుటుంబ సభ్యులను తీసుకువెళ్లి కౌన్సెలింగ్‌కు హాజరవడం, ఆ తరువాత మేజిస్ట్రేట్ ముందు నిలబడటం తప్పవు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే సెక్షన్ 185 వర్తిస్తుంది. మొదటిసారి అయితే ఆరు నెలల దాకా జైలు, పదివేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే రెండేళ్ల దాకా జైలు, పదిహేను వేల దాకా జరిమానా. పోలీసులు బండి తిరిగి ఇచ్చేశారు కాబట్టి వ్యవహారం ముగిసిందనుకుని పేషీకి వెళ్లకపోతే వారెంటు దాకా పోతుంది. అప్పుడు కూడా ఈ-చలానా సైటులో ఆ బండి మీద బాకీ ఏమీ కనబడకపోవచ్చు, ఎందుకంటే కేసు బండి మీద లేదు.

అందుకే కోర్టు రికార్డు వెతకడం మీద కొంచెం ఎక్కువ చెప్పదలచాను. ఈకోర్ట్స్ సైటులో తెలంగాణ, తరువాత జిల్లా, తరువాత కోర్టు సముదాయం ఎంచుకుని, సంవత్సరం వేసి, పేరుతో వెతకాలి. ఇక్కడ మొదటి చిక్కు జిల్లా. సైబరాబాద్ పోలీసు కమిషనరేట్ పరిధిలో పట్టుకున్న కేసును హైదరాబాద్ నాంపల్లి కోర్టుల్లో వెతికితే దొరకదు. పట్టుకున్న స్టేషన్ ఏ కోర్టు పరిధిలోకి వస్తుందో చూసుకుని రంగారెడ్డి జిల్లా కోర్టుల్లోనో, కూకట్‌పల్లిలోనో వెతకాలి. ఎక్కడ నివసిస్తున్నామన్నదానితో దీనికి సంబంధం లేదు. రెండో చిక్కు పేరు. మన ఇంటిపేరు కొన్నిచోట్ల ముందు, కొన్నిచోట్ల వెనుక, కొన్నిచోట్ల ఒక్క అక్షరంగా పడుతుంది. శ్రీనివాస్, శ్రీనివాసులు, శ్రీనివాసరావు అని ఒకే మనిషి మూడు కాగితాల్లో మూడు రకాలుగా ఉండటం మనకు మామూలే. పూర్తి పేరు కొట్టి ఏమీ రాలేదని వదిలేయకుండా, పేరులోని మొదటి నాలుగైదు అక్షరాలే కొట్టి, వచ్చిన జాబితాలో అవతలి పక్షంగా ట్రాఫిక్ పోలీస్ స్టేషన్ ఉన్నవి ఏరుకోవడం మేలు. ఇలాంటి చిన్న కేసులు ఎక్కువగా ఎస్‌టీసీ, అంటే సమ్మరీ ట్రయల్ కేసు, అన్న పేరుతో నమోదవుతాయి. పెండింగ్‌లో ఉన్నవే కాక ముగిసినవి కూడా చూపించమని అడగడం మరవకూడదు. ముగిసిందనుకున్నది అక్కడ నిజంగా ముగిసినట్టు ఉందో లేదో తెలిసేది అప్పుడే.

ఇటీవల మా పాత స్కూటర్ అమ్మేటప్పుడు కొనే అతను ఫోన్‌లో ఈ-చలానా సైటు తెరిచి, బాకీలు లేవని చూసుకున్నాకే డబ్బు చేతిలో పెట్టాడు. అతని పక్షాన అది సరైన జాగ్రత్తే, బండితో పాటు చలానాలు కూడా అతని నెత్తిన పడతాయి కనుక. అమ్మేవారి జాగ్రత్త మాత్రం వేరు. బండి చేతులు మారినా, దాన్ని నడుపుతూ పట్టుబడిన మనిషి పేరిట ఉన్న కోర్టు కేసు చేతులు మారదు. ఇంట్లో తమ్ముడికో మేనల్లుడికో బండి ఇచ్చేవారికీ ఇదే వర్తిస్తుంది. కెమెరా చలానా యజమాని ఫోన్‌కు వస్తుంది, తాగి నడిపిన కేసు నడిపినవాడి పేరిట నిలుస్తుంది.

సాధారణ చలానాను కావాలని కోర్టులో తేల్చుకోవాలనుకునేవారు తమవైపు నిజంగా బలమైన ఆధారం ఉంటేనే ఆ పని చేయాలని నా అభిప్రాయం. న్యాయవాది ద్వారా హాజరు కావచ్చు. సమన్లలో ఆ వీలు ఇస్తే నేరం ఒప్పుకుని, అందులో చెప్పిన మొత్తం పంపి ముగించుకునే వెసులుబాటు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 208లో ఉంది. కానీ పోలీసులు వసూలు చేసే తక్కువ మొత్తానికి కోర్టు కట్టుబడి ఉండనక్కరలేదు. చట్టంలో వెయ్యి అని ఉంటే వెయ్యి వేయవచ్చు. పాత చలానాకు కాలదోషం పట్టిందా అని కూడా చాలామంది అడుగుతున్నారు. జరిమానా మాత్రమే శిక్షగా ఉన్న నేరాన్ని ఆరు నెలలు దాటాక కోర్టు విచారణకు స్వీకరించకూడదని క్రిమినల్ కేసుల విచారణ పద్ధతిని చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 514 చెబుతున్న మాట నిజమే. అది కోర్టుకు పెట్టిన హద్దు. ఆరు నెలలు నిండాయని పోలీసు సైటులోని చలానా దానంతట అది చెరిగిపోదు, బండి అమ్మే రోజున అది అక్కడే కనబడుతుంది.

లోక్ అదాలత్ గురించి వాట్సాప్‌లో తిరిగే సందేశాలకు, అసలు జరిగేదానికి చాలా దూరం. 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం కింద నడిచే ఈ ఏర్పాటులో కోర్టు ఫీజు ఉండదు, ఇచ్చిన అవార్డుకు, అంటే తీర్పుకు, సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దానిపై అప్పీలు ఉండదు. ఇప్పటికే కోర్టులో నంబరు పడి, వాయిదాలు నడుస్తున్న చిన్న కేసుకు ఇది నిజంగా మంచి అవకాశం. ఒక పూటలో ముగించుకుని రావచ్చు. కానీ సైటులో మాత్రమే ఉన్న చలానాను పట్టుకుని నాంపల్లి వెళ్లి సగానికి సగం తగ్గించమంటే, అక్కడ పిలవడానికి కేసు నంబరే ఉండదు. ముందు ఈకోర్ట్స్‌లో పేరు వెతికి, కేసు ఉంటేనే లోక్ అదాలత్ జరిగే రోజు కోసం ఎదురుచూడటం అర్థవంతం.

రాయితీ కోసం ఆగేవారి లెక్క పూర్తిగా తప్పని అనలేను. 2022 మార్చిలో ద్విచక్ర వాహనాలకు 75 శాతం, కార్లకు 50 శాతం తగ్గించి, గడువును ఏప్రిల్ 15 దాకా పెంచారు. 2023 డిసెంబరు 26న మొదలైన రెండో విడతలో ద్విచక్ర వాహనాలకు, ఆటోలకు 80 శాతం, కార్లకు, లారీలకు 60 శాతం, తోపుడు బండ్లకు, ఆర్టీసీ బస్సులకు 90 శాతం తగ్గించి, గడువును 2024 ఫిబ్రవరి 15 దాకా లాగారు. డజన్ల కొద్దీ చలానాలున్న ఆటో డ్రైవర్‌కు అది పెద్ద ఊరట. అయితే ఈ రెండింటికీ ముందుగా ప్రకటించిన క్యాలెండర్ ఏదీ లేదు. ఒకటి రెండు రూ.235 చలానాల కోసం ఏళ్ల తరబడి వాటిని బండి మీద మోస్తూ తిరగడం నాకైతే లాభంగా తోచదు.

మిగిలినవాటిని ఒక్కో మాటలో ముగించవచ్చు. బెంగళూరుకో ఢిల్లీకో బండి మీద వెళ్లి చలానా తెచ్చుకున్నవారు వర్చువల్ కోర్టుల సైటు చూడాలి. అక్కడ బండి నంబరుతోనే కేసు దొరుకుతుంది, కడతారా, వాదిస్తారా అని అడుగుతుంది, వాదిస్తామంటే కేసు మామూలు కోర్టుకు వెళుతుంది. పేమెంట్ యాప్‌లతో కట్టడంలో తప్పులేదు, కాకపోతే రశీదు దాచుకుని, ఆ చలానా జాబితాలోంచి పోయిందో లేదో పోలీసు సైటులో మళ్లీ చూసుకోవాలి. కోర్టులో కట్టినవారు రశీదుతో పాటు ఈకోర్ట్స్‌లో కేసు ముగిసినట్టు నమోదయిందో లేదో చూసుకోవాలి. కోర్టు గేటు దగ్గర అంతా మేం చూసుకుంటామనే దళారులకు డబ్బిస్తే ఈ రెండు కాగితాల్లో ఒక్కటీ చేతికి రాకపోవచ్చు. ఇక చలానా పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలును, అంటే ఫోన్‌లోకి యాప్‌ను ఎక్కించే ఫైలును, తెరవనే కూడదు; పోలీసుల సైటు చిరునామా చివర డాట్ గవ్ డాట్ ఇన్ అని ఉంటుంది, అది లేని లింకులో డబ్బు కట్టి మోసపోయినవారు ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయాలి.