పెరటి ఇంట్లో చెమ్మ: తొమ్మిదేళ్ల వాడకం తర్వాత

మా పెరటి ఇంటికి ఈ మధ్యే తొమ్మిదేళ్లు నిండాయి. 400 చదరపు అడుగుల ఇల్లు. చెక్క చట్రం, లోపల జిప్సం బోర్డు గోడలు, బయట చెక్క పలకలు, నేల కింద రెండడుగుల ఖాళీ. మొదటి రెండేళ్లు నేనూ మా ఆవిడా అందులో ఉన్నాం. తర్వాత అత్తయ్యగారు వచ్చారు, ఇప్పటికీ ఆవిడే ఉంటున్నారు. ఇక్కడ చలీ వానా కలిసే వస్తాయి. ఏడాదిలో ఆరేడు నెలలు సన్నటి జల్లు, మబ్బు. ఉతికిన బట్ట బయట ఆరదు.

కట్టించుకున్నందుకు ఒక్కరోజు కూడా బాధపడలేదు. కానీ మొదటి నాలుగేళ్లు నేను చెమ్మను తప్పు దిక్కున వెతికాను. వానే శత్రువనుకుని ఎక్కడ సందు కనిపిస్తే అక్కడ సిలికాన్ సీలెంట్ (సందులు మూసే జిగురు) పూశాను. కిటికీ చట్రం అడుగున ఉండే చిన్న రంధ్రాలను కూడా మూసేశాను. లోపలికి చేరిన నీళ్లు బయటికి జారిపోవడానికే వాటిని పెడతారని నాకు అప్పుడు తెలియదు. రెండు శీతాకాలాల్లో కిటికీ కింది చెక్క మెత్తబడింది, వేలితో నొక్కితే లోపలికి దిగింది. ఆ కిటికీ మొత్తం తీసి మళ్లీ పెట్టించాం. కాబట్టి సీలెంట్ చేతిలోకి తీసుకునే ముందు నీళ్లు ఎటు నుంచి వస్తాయో, ఎటు పోవాలో చూసుకోండి. కిటికీకి పైనా పక్కలా మూయొచ్చు, అడుగు మాత్రం వదిలేయాలి.

ఐదో ఏడు అత్తయ్యగారు ఒకరోజు పిలిచి, "బాబూ, ఈ అల్మరాలో బట్టలన్నీ ముక్కిన వాసన వస్తున్నాయి, ఒకసారి చూడండి" అన్నారు. అల్మరా ముందుకి జరిపితే వెనక గోడంతా నల్లటి బూజు. ఆ గోడకు బయట చుక్క నీరు తగలదు, పైన వెడల్పాటి చూరు ఉంది. అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు, ఈ నీళ్లు ఇంట్లోంచే వస్తున్నాయని. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నాకు ఐదేళ్లు పట్టింది.

లెక్క వేస్తే విషయం తేటగా కనిపిస్తుంది. 20 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి దాదాపు 17 గ్రాముల నీటి ఆవిరినే పట్టగలదు. మా ఇంట్లో గాలి మొత్తం సుమారు 90 ఘనపు మీటర్లు. అంటే ఒకటిన్నర కిలోల నీటి ఆవిరితో ఇంట్లో గాలంతా నిండిపోతుంది. తేమ 50 శాతం ఉన్నప్పుడు మిగిలే చోటు 750 గ్రాములకు కాస్త ఎక్కువ. నిద్రలో మనిషి ఊపిరి, చెమట కలిపి గంటకు 40 గ్రాముల దాకా వదులుతాడు. ఇద్దరు ఎనిమిది గంటలు పడుకుంటే 600 గ్రాములు దాటుతుంది. ఒక విడత ఉతికిన బట్టలు లోపల ఆరేస్తే రెండు లీటర్ల దాకా గాలిలో కలుస్తుంది. పెద్ద ఇంట్లో ఇవే నీళ్లు నాలుగు గదుల్లోకి పలచబడి పోతాయి. పెరటి ఇంట్లో వాటికి వెళ్లే చోటు లేదు. పొద్దున కిటికీ అద్దాలు చెమర్చి చట్రం మీదికి నీళ్లు కారుతుంటే అవి వాన నీళ్లు కావు, రాత్రి మన ఊపిరి.

గదిలో 20 డిగ్రీలు, 60 శాతం తేమ ఉంటే 12 డిగ్రీలకు చల్లబడిన ఏ వస్తువు మీదైనా నీళ్లు చేరతాయి. అల్మరా వెనక గోడకు వెచ్చటి గాలి తగలదు, అందుకే బూజు అక్కడ పట్టింది. ఇప్పుడు బయటి గోడల వైపు ఏ సామానైనా నాలుగు వేళ్ల సందు వదిలి పెడుతున్నాం. మంచం తలవైపు కూడా.

నేను కొన్నవాటిలో అన్నిటికన్నా పనికొచ్చింది అతి చిన్న వస్తువు, తేమ కొలిచే మీటరు. కొనగానే దాన్ని నమ్మకండి. చిన్న మూతలో ఉప్పు వేసి తడిపి, మీటరుతో పాటు గాలి చొరని కవర్‌లో ఒక రాత్రి ఉంచితే 75 చూపాలి. మాది 70 చూపింది, అందుకని ఐదు కలిపి చదువుకుంటాం. మొదటి వారం ఇంట్లో 78 ఉండేది. ఇప్పుడు చలికాలంలో 48 నుంచి 55 మధ్య ఉంటోంది.

ఆ తేడా ఎక్కువగా తెచ్చింది బాత్‌రూమ్ ఎగ్జాస్ట్ ఫ్యాన్. కట్టినప్పటి నుంచీ ఫ్యాన్ ఉంది, తిరుగుతోంది, గ్రిల్ దగ్గర కాగితం పెడితే అంటుకుంటోంది. అంతా బాగుందనుకున్నాం. అటక ఎక్కి చూస్తే దాని గొట్టం బయటికి వెళ్లనేలేదు, అటకలోనే వదిలేశారు! ఐదేళ్ల స్నానాల ఆవిరి పైకప్పు చెక్కలకు పట్టి వాటిని నల్లగా చేసింది. పని చేసినవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే. మీ ఇంట్లో ఫ్యాన్ వేసి, బయటికి వెళ్లి, గోడ మీదో కప్పు మీదో గొట్టం చివర ఉన్న చిన్న రేకు మూత తెరుచుకుంటోందా అని కళ్లారా చూడండి. స్నానం అయ్యాక కూడా 20 నిమిషాలు తిరిగేలా టైమర్ పెట్టించాం.

తర్వాతి స్థానం గోడలో అమర్చే జంట ఫ్యాన్లది. ఒకటి లోపలి గాలిని బయటికి తోస్తుంటే రెండోది బయటి గాలిని లోపలికి తెస్తుంది. నిమిషానికి కాస్త అటూ ఇటూగా దిశ మారుతుంది. మధ్యలో ఉన్న పింగాణీ దిమ్మ పోయే గాలిలోని వేడిని పట్టి వచ్చే గాలికి ఇస్తుంది. వాన పడుతుంటే బయటి గాలి తెచ్చుకోవడమేమిటని అత్తయ్యగారు అడిగారు, నాకూ అదే సందేహం. నిజానికి 5 డిగ్రీల చలిలో, 90 శాతం తేమలో ఉన్న గాలిలో ఘనపు మీటరుకు ఆరు గ్రాముల నీరే ఉంటుంది. అదే గాలి ఇంట్లోకి వచ్చి 20 డిగ్రీలకు వేడెక్కితే తేమ 35 శాతానికి దిగిపోతుంది. చలివాన రోజున కిటికీ పది నిమిషాలు తీస్తే ఇల్లు ఆరుతుంది. వేడిగా, ఉక్కగా ఉండే చోట మాత్రం ఇది తలకిందులు. అక్కడ తలుపులు మూసి యంత్రంతోనే ఆరబెట్టాలి. ఫ్యాన్ల ఫిల్టర్లు మూడు నెలలకోసారి కడగాలి, లేకపోతే శబ్దం పెరుగుతుంది, గాలి తగ్గుతుంది.

గాలిలోంచి తేమ లాగే యంత్రం, డీహ్యూమిడిఫయర్‌ను నేను మూడో స్థానంలో పెడతాను. మొదట ఫ్రిజ్‌లా గొట్టాలను చల్లబరిచి వాటి మీద నీళ్లు పట్టే కంప్రెసర్ రకం కొన్నాం. వేడి పెట్టని రోజుల్లో గది 10 డిగ్రీలకు పడిపోతే దాని గొట్టాల మీద మంచు కట్టి పని ఆగిపోయేది. ఇప్పుడున్నది తేమను పీల్చే పదార్థం ఉన్న రకం. చలిలో బాగా పనిచేస్తుంది, కరెంటు ఎక్కువ తింటుంది, గదిని కాస్త వేడి చేస్తుంది. బట్టలు ఆరేసిన రోజు తలుపేసి దాన్ని అక్కడే నడుపుతాం. ఏసీతో వేడి పెట్టుకుంటే తేమ కూడా పోతుందనుకునేవాళ్లు ఉన్నారు. వేడి పెట్టినప్పుడు అది గదిలోంచి నీళ్లు తీయదు.

బూజును ఆపుతుందనే పెయింట్ మీద ఆశ పెట్టుకోకండి. అల్మరా వెనక గోడకు తుడిచి వేశాం, మూడు నెలల్లో మళ్లీ వచ్చింది. జిప్సం బోర్డుకు ఉండే కాగితమే బూజుకు మేత, లోపలికి పట్టాక తుడిస్తే పోదు. ఆ ముక్క కోసి కొత్తది వేశాకే వాసన పోయింది.

బయటి పని తక్కువేమీ కాదు. ఆకులు రాలే కాలంలో, చూరు అంచున వాన నీళ్లు పట్టే గట్టర్లను రెండుసార్లు శుభ్రం చేయాలి. వాటి మీద వేసిన జాలీని రెండేళ్లకే తీసేశాను, సూదుల్లాంటి ఆకులు దాన్లో ఇరుక్కుని నీళ్లు అంచు మీదుగా పొర్లాయి. గోడ నుంచి పదడుగుల దూరానికి నేల ఆరు అంగుళాలు దిగాలి. బయటి గోడ చెక్క పలకల కింది అంచుకూ మట్టికీ మధ్య ఆరు అంగుళాలైనా ఉండాలి. ఇష్టపడి పెంచుకున్న పూలమడి మట్టి ఆ సందును నింపేస్తే ఒక మూల నాలుగు పలకలు చివికిపోయాయి. కప్పు మీద నాచును మెత్తటి బ్రష్‌తో పై నుంచి కిందికి తీయాలి. నీళ్ల ప్రెషర్ మెషిన్ పెడితే తారు పూసిన కప్పు పెంకుల మీది ఇసుక లాంటి రవ్వ రాలిపోతుంది.

నేల కింద ఖాళీలో మట్టి మీద మందపాటి ప్లాస్టిక్ షీట్ పరిచాం, ముక్కల అంచులు అడుగు మేర ఒకదాని మీద ఒకటి పడేలా. ఆరో ఏడు చేసిన ఆ పని మొదటి రోజే చేయించాల్సింది. షీట్ వేశాక నేల దూలాల తేమ 21 నుంచి 15 శాతానికి దిగడానికి ఒక వేసవి పట్టింది.

ఇంకా తేలనిది బాత్‌రూమ్ తలుపు ఒకటుంది. వానాకాలంలో ఉబ్బి చట్రానికి పట్టేస్తుంది. ఈసారి ఎండలు రాగానే దాన్ని ఊడదీసి, పైనా కిందా రంగు తగలని అంచులకు పెయింట్ వేసి మళ్లీ బిగించాలనుకుంటున్నాం.