అక్వేరియం సంప్‌: అద్దానికి కన్నమా, అంచుకి తగిలించే పెట్టా? ఏది మేలు?

మా పాలకొల్లులో ప్లంబర్‌ని పిలిచి "అక్వేరియంకి సంప్ పెట్టాలండి" అంటే, ఆయన వాకిట్లోకెళ్లి ఎక్కడ తవ్వాలో చూశాడు. ఆయన తప్పేం లేదు, మనకి సంప్ అంటే భూమిలో ఉండేదే. ఇది స్టాండు లోపల పెట్టే రెండో తొట్టి. పై తొట్టి నీళ్లు దీంట్లోకి దిగి, స్పాంజీలోంచి వడకట్టుకుని, మోటారుతో మళ్లీ పైకెళ్తాయి. ఎక్కించడం మోటారు చూసుకుంటుంది, తంటా అంతా దింపడంలోనే.

అద్దానికి కన్నం పెట్టి ట్యాంక్ నిపుల్ (గొట్టం తగిలించే మరల ముక్క) బిగించడం ఒక దారి. తొట్టి అంచుకి ఓవర్‌ఫ్లో పెట్టె తగిలించడం ఇంకోటి: లోపలొక గది, బయటొక గది, మధ్యలో బోర్లించిన యూ గొట్టం. డ్రమ్ములోంచి డీజిలు నోటితో పీల్చి తీస్తారు చూడండి, అదే సైఫన్.

కొత్త తొట్టికి కన్నం పెట్టడానికి మనసొప్పక నేను మొదట పెట్టే తగిలించాను. కరెంటు పోయినా రెండు గదుల్లోనూ నీళ్లు నిలిచే ఉంటాయి కాబట్టి గొట్టం ఖాళీ అవదు, కరెంటు రాగానే మళ్లీ అందుకుంటుంది. చెప్పినట్టే ఆరు నెలలు నడిచింది. కానీ గొట్టం వంపులో సన్నటి బుడగలు చేరుతుంటాయి. నీటి జోరు తక్కువైతే అవి కొట్టుకుపోవు, అక్కడే పోగవుతాయి. ఓ వానాకాలం రాత్రి కరెంటు నాలుగైదుసార్లు పోయొచ్చింది. తెల్లారి మంచం దిగితే కాళ్లకి చల్లగా నీళ్లు. వంపు నిండా గాలి, కిందికి చుక్క దిగట్లేదు, మోటారు మాత్రం సంప్‌లో ఉన్నదంతా పైకి తోడేసింది. "గోదారి గట్టు గానీ తెగిందేంట్రా?" అంది మా అమ్మ, చాపలు ఎత్తుతూ. స్టాండు ప్లైవుడ్డు ఉబ్బి, ఇప్పటికీ ఓ తలుపు పట్టదు.

కన్నానికి ఈ బెడద లేదు. చేలో మడవ లాంటిదే: మట్టం పెరిగితే పోతుంది, తగ్గితే ఆగుతుంది. కాబట్టి కరెంటు పోయొచ్చే ఊళ్లో నా ఓటు కన్నానికే. అయితే టఫెన్డ్ గ్లాసుకి (వేడిచేసి గట్టిపరిచిన అద్దం) బిట్టు ఆనించారా, అద్దమంతా పలుకులైపోతుంది. తొట్టి చేసినవాణ్ణి ఏ పలక టఫెన్డో అడిగి తేల్చుకోండి, ముఖ్యంగా అడుగు పలక. మామూలు అద్దమైతే డైమండ్ బిట్టుతో, నీళ్లు పోస్తూ, నొక్కకుండా నిదానంగా తొలవాలి. నిపుల్ ముందు కొని, దాని మర ఉన్న భాగం ఎంత లావుందో కొలిచాకే బిట్టు కొనండి. కన్నం అంచుకీ అద్దం అంచుకీ మధ్య కనీసం కన్నమంత జాగా వదలండి.

కన్నం ఒకటి చాలా, రెండా? ఒకటే అయితే నీళ్లతో పాటు గాలీ దిగి రాత్రంతా గుడగుడమంటుంది, పైగా ఓ ఆకు అడ్డం పడిందంటే అంతే సంగతులు. రెండు గొట్టాల పద్ధతిని హెర్బీ అంటారు. ఒకటి నిండుగా, చప్పుడు లేకుండా పారుతుంది. రెండోది కాస్త ఎత్తులో ఖాళీగా ఉండి, మొదటిది మూసుకుపోతే ఆదుకుంటుంది. మొదటిదాని జోరు సరిచేయడానికి బాల్ వాల్వ్ వద్దు, వెంట్రుకవాసి తిప్పినా ఎక్కువే అవుతుంది. గేట్ వాల్వ్ పెట్టుకోండి. తొట్టిలో రొయ్యలుంటే ఇత్తడిది మాత్రం వద్దు, ఇత్తడిలో ఉండే రాగి వాటికి పడదు. మూడు గొట్టాల బీన్ యానిమల్ పద్ధతి ఇంకా భద్రం, కానీ నాలుగడుగుల తొట్టికి అంత అక్కర్లేదనిపించింది.

మోటారు ఆగితే పైకెళ్లే గొట్టంలోంచి కూడా నీళ్లు వెనక్కి జారతాయి. ఎన్ఆర్వీ (నీళ్లు వెనక్కి రాకుండా ఆపే వాల్వ్) పెడితే చాలనుకుంటాం. దాని నోట్లో నత్త గుల్ల ఇరుక్కుంటే ఇక మూసుకోదు. దానికన్నా గొట్టం మూతి నీటి మట్టానికి కొంచెమే కిందుండేలా పెట్టడం నయం. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు తొట్టిలో అంగుళం నీరంటే 14 లీటర్లు. మూతి రెండంగుళాల లోతులో ఉంటే 28 లీటర్లు కిందికొస్తాయి. రెండున్నర అడుగుల పొడవు, అడుగు వెడల్పు సంప్‌లో అది దాదాపు 5 అంగుళాల ఎత్తు. అంత ఖాళీ ముందే ఉంచుకోవాలి.

దింపే గొట్టాలన్నీ మూసుకుపోతే లెక్క తిరగబడుతుంది. సంప్‌లో మోటారు ఉండే గదిలోని నీళ్లన్నీ పైకెళ్తాయి. 10 అంగుళాల పొడవు, 12 అంగుళాల వెడల్పు గదిలో 8 అంగుళాల ఎత్తు నీరుంటే దాదాపు 16 లీటర్లు. పై తొట్టిలో అంగుళంన్నర వెలితి ఉంటే బయటికి పొర్లదు. అద్దె ఇల్లనో, అద్దం టఫెన్డనో తగిలించే పెట్టే వాడక తప్పకపోతే, మోటారు గది చిన్నది చేసి ఈ వెలితి ఉంచుకోండి. గాలి చేరినా నేల తడవదు, మోటారు కాలితే కాలుతుంది.

గొట్టాలు అతికించాక ప్లగ్గు పీకి, నీళ్లు దిగడం ఆగేదాకా చూశాను. తర్వాత కావాలనే మొదటి గొట్టానికి గుడ్డ కుక్కి, రెండోది అందుకుందో లేదో చూశాను. నీళ్లు ఇంతకు మించకూడదని సంప్‌ అద్దం మీద మార్కరుతో ఓ గీత గీశాను. నీళ్లు పోసేటప్పుడు మా అమ్మ చేపల వంక చూడదు, ఆ గీత వంకే చూస్తుంది.