చలికాలంలో పాత కారు కొనేవాళ్ళకు హెచ్చరిక: రేడియేటర్‌లో రంగునీళ్ళు, ఇంజిన్‌లో థర్మోస్టాట్ మాయం

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల పదేళ్ళు దాటిన మారుతీ, శాంత్రో, ఇండికా లాంటి బళ్ళు చూస్తున్నవాళ్ళు అడ్వాన్సు ఇచ్చే ముందు ఇది పూర్తిగా చదవండి. చలికాలంలో కొన్న పాత బళ్ళలో ఒకే రకం మోసం మళ్ళీ మళ్ళీ బయటపడుతోంది. ఇంజిన్ వేడెక్కే జబ్బున్న బండికి మరమ్మతు చేయరు. థర్మోస్టాట్ పీకేసి, రేడియేటర్ ఫ్యాన్‌ను డైరెక్టు చేసి (తాళం వేస్తే చాలు, ఎప్పుడూ తిరిగేలా వైరు కలిపేసి), కూలెంట్ అనే చల్లబరిచే ద్రవానికి బదులు పచ్చరంగు కలిపిన నీళ్ళు పోసి "కూలెంట్ కొత్తగా మార్చాం అన్నా, చూసుకోండి" అని బానెట్ ఎత్తి చూపిస్తారు. తెల్లవారుజామున 18, 20 డిగ్రీలుండే రోజుల్లో ఊరి చుట్టూ పది కిలోమీటర్లు తిప్పితే ఏ బండీ ఉడకదు. శివరాత్రికి చలి శివ శివా అంటూ పోతుందంటారు కదా, దాంతోపాటే ఈ బండి గుట్టూ బయటపడుతుంది. ఏప్రిల్‌లో 40 దాటిన ఎండలో ఏసీ వేసుకుని ఘాట్ ఎక్కితే హెడ్ గాస్కెట్ (ఇంజిన్‌కూ దాని పైభాగమైన హెడ్‌కూ మధ్య ఉండే సీలు) పోతుంది. అప్పటికి అమ్మినవాడు ఫోన్ ఎత్తడు.

అసలు థర్మోస్టాట్ ఎందుకు తీస్తారో తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. అది మైనంతో పనిచేసే చిన్న తలుపు. ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపూ మూసుకుని ఉండి, నీళ్ళను రేడియేటర్ వైపు పోనివ్వదు. దాని మీద చెక్కి ఉన్న వేడి వచ్చాక (చాలా బళ్ళలో 82 లేదా 88 డిగ్రీలు) తెరుచుకుంటుంది. రేడియేటర్ సగం పూడిపోయిన బండిలో ఈ తలుపు తీసేస్తే నీళ్ళు ఎప్పుడూ ప్రవహిస్తూనే ఉంటాయి కాబట్టి వేడెక్కడం ఆలస్యమవుతుంది. జబ్బు అలాగే ఉంటుంది, లక్షణం మాత్రం కొన్నాళ్ళు కనపడదు. "మన ఎండలకు అది అక్కర్లేదప్పా" అనే మెకానిక్కులు మన దగ్గర చాలామంది ఉన్నారు. ఆ మాట నమ్మకండి. చలికాలంలో ఇంజిన్ సరైన వేడికి రాకపోతే కంప్యూటర్ ఉన్న బండిలో పెట్రోలు ఎక్కువగా పడుతూనే ఉంటుంది, కార్బ్యురేటర్ బండికి చోక్ చాలాసేపు లాగి ఉంచాలి. మైలేజీ పడిపోతుంది. మండని పెట్రోలు సిలిండర్ గోడల మీంచి జారి ఆయిల్లో కలుస్తుంది. డిప్ స్టిక్ (ఆయిల్ కొలిచే పుల్ల) మీద ఆయిల్ మట్టం తగ్గాల్సింది పోయి పెరుగుతుంటే, వాసన చూస్తే పెట్రోలు కొడుతుంటే, ఇదీ ఒక కారణమే. హీటర్ కూడా వెచ్చగా రాదు. ఘాట్‌లో వానపడేటప్పుడు అదెంత ప్రమాదమో కింద చెప్తాం.

బండి చూడటానికి వెళ్ళేముందు ఒకే ఒక షరతు పెట్టండి: "మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు." వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి వేయండి. వెచ్చగా ఉంటే ఆ రోజుకు వెనక్కి వచ్చేసి, మర్నాడు పొద్దున్నే వెళ్ళండి. చల్లటి ఇంజిన్ చెప్పే నిజాలు వేడి ఇంజిన్ చెప్పదు.

చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీయండి. వేడిగా ఉన్నప్పుడు ఎట్టి పరిస్థితుల్లోనూ తీయొద్దు, ముఖం కాలుతుంది. మూత అడుగున రబ్బరు పగిలి ఉందా, తుప్పు పేరుకుందా చూడండి. ఈ మూత ఒత్తిడిని నిలబెడుతుంది. 0.9 బార్ మూత సరిగ్గా పట్టుకుంటే ఉత్త నీళ్ళు కూడా 118 డిగ్రీల దాకా మరగవు, సగం కూలెంట్ సగం నీళ్ళయితే దాదాపు 128 దాకా ఆగుతుంది. స్ప్రింగు చచ్చిన మూతతో ఆ లాభమంతా పోతుంది.

తర్వాత మూత బిగించి స్టార్ట్ చేసి, రేడియేటర్ పైగొట్టాన్ని పట్టుకుని ఉండండి. ఫ్యాన్‌కూ బెల్టుకూ చెయ్యి, చీరకొంగు, కండువా దూరంగా. థర్మోస్టాట్ ఉంటే ఆ గొట్టం కొన్ని నిమిషాల పాటు చల్లగానే ఉండి, తర్వాత ఒక్కసారిగా చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. తీసేసి ఉంటే మొదటి నిమిషం నుంచే మెల్లమెల్లగా గోరువెచ్చనవుతూ వస్తుంది. ఈ తేడా తెలియడానికి మెకానిక్ కూడా అక్కర్లేదు. ఓబీడీ సాకెట్ (బండి కంప్యూటర్ అంకెలు చదివే ప్లగ్గు) ఉన్న బండయితే చిన్న స్కానర్ తగిలించి చూడండి: వేడెక్కాక ఇంజిన్ వేడి 85 నుంచి 95 డిగ్రీల మధ్య నిలబడాలి. రేణిగుంట రోడ్డు మీద 60 వేగంతో పోతుంటే అంకె 70 కిందకు జారిపోతోందంటే లోపల థర్మోస్టాట్ లేదు, లేదా తెరుచుకుని ఇరుక్కుపోయింది.

ఫ్యాన్ సంగతి. ఏసీ ఆపి, ఇంజిన్ చల్లగా ఉండగా తాళం ఆన్ చేయగానే ఫ్యాన్ తిరిగితే దాన్ని డైరెక్టు చేసినట్టే. ఫ్యాన్ స్విచ్చో, సెన్సరో, రిలేనో పోయి ఉంటుంది. బాగున్న బండిలో ఫ్యాన్ వేడెక్కాక తిరిగి, చల్లబడ్డాక ఆగి, మళ్ళీ తిరగాలి. కనీసం మూడుసార్లు అలా తిరగడం కళ్ళారా చూడండి.

ఇప్పుడు ఆ పచ్చనీళ్ళు. రంగు ఏ విషయమూ చెప్పదు. రంగు చవగ్గా దొరుకుతుంది. అసలు కూలెంట్‌లో ఇథిలీన్ గ్లైకాల్ ఉంటుంది, అది నీళ్ళకంటే బరువు. సూదిలేని పెద్ద సిరంజితో రిజర్వాయర్ (రేడియేటర్‌కు గొట్టంతో కలిసిన ప్లాస్టిక్ డబ్బా) నుంచి సరిగ్గా 100 మి.లీ. తీసి, వంటింటి ఎలక్ట్రానిక్ తూకం మీద పెట్టండి (డబ్బా బరువు ముందే సున్నా చేసి). ఉత్త నీళ్ళు 100 గ్రాములు తూగుతాయి. మూడోవంతు కూలెంట్ ఉంటే 104, 105. సగం సగమైతే 107 దగ్గర. ఉప్పు ఎక్కువున్న బోరునీళ్ళు ఒక గ్రాము మోసం చేస్తాయేమో గానీ ఏడు గ్రాములు చేయలేవు. ఇంకా అనుమానముంటే చిన్న ప్లాస్టిక్ సీసాలో సగం దాకా పోసి, మూత బిగించి, కవర్లో చుట్టి ఒక రాత్రి ఫ్రీజర్లో పెట్టండి. సగం సగం ఉన్నది ద్రవంగానే ఉంటుంది, తక్కువ పాళ్ళున్నది ఐసు షర్బత్తులా చిక్కబడుతుంది, రంగునీళ్ళు రాయిలా గడ్డకడతాయి. ఆ సీసా మీద విషమని రాయడం మరవకండి. గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, పిల్లలకూ కుక్కలకూ ప్రాణాంతకం. తూకానికి వాడిన గిన్నె మళ్ళీ వంటకు వాడకండి.

మన దగ్గర నీళ్ళు గడ్డకట్టే చలి రాదు, మరి కూలెంట్ ఎందుకని అడుగుతారు. తుప్పు పట్టకుండా ఉండటానికి, ఆలస్యంగా మరగడానికి. మన బోరునీళ్ళలో సున్నం ఎక్కువ. గీజర్ రాడ్డు మీద పేరుకున్నట్టే రేడియేటర్ సన్నగొట్టాల్లోనూ పేరుకుంటుంది. అల్యూమినియం హెడ్‌ను తుప్పు లోపల్నుంచి తినేస్తుంది.

రేడియేటర్ లోపల మట్టిరంగు ముద్ద కనిపిస్తే లీకు ఆపే పౌడరు వేశారేమో అనుమానించండి. పసుపు వేసేవాళ్ళూ ఉన్నారు. రోడ్డు మధ్యలో ఇరుక్కుంటే ఇంటికి చేరడానికి అది ఆపద్ధర్మం, అంతే. తర్వాత కడగకపోతే హీటర్ కోర్‌లోని (డ్యాష్‌బోర్డు లోపల హీటర్ గాలిని వెచ్చబరిచే చిన్న రేడియేటర్‌లోని) సన్న దారులు ముందు మూసుకుపోతాయి. ఇంజిన్ వెనకాల, డ్యాష్‌బోర్డు వైపు గోడలోకి రెండు గొట్టాలు వెళ్ళాలి. అవి లోపలికి వెళ్ళకుండా ఒకదానికొకటి యూ ఆకారంలో కలిపేసి ఉంటే హీటర్ కోర్ లీకై దాన్ని తప్పించారన్నమాట. ఎడమ సీటు కాళ్ళ దగ్గర కార్పెట్ తడి, అద్దం మీద జిడ్డు పొర, తియ్యటి వాసన కూడా దాని గుర్తులే.

ఒక మాట మాత్రం అమ్మేవాళ్ళ పక్షాన చెప్పాలి. చలికాలం పొద్దున ఆయిల్ మూత అడుగున కొంచెం తెల్లటి నురగ కనిపించగానే హెడ్ పోయిందని కొట్టిపారేయకండి. రోజూ రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే తిరిగే బండిలో గాలిలోని తేమ అక్కడ చేరుతుంది. డిప్ స్టిక్ మీద ఆయిల్ కూడా పాలకాఫీలా ఉంటేనే భయపడాలి. సైలెన్సర్ నుంచి తెల్లటి ఆవిరి మొదటి ఐదు నిమిషాలు మామూలే. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక కూడా తియ్యటి వాసనతో తెల్లపొగ వస్తుంటే, రేడియేటర్లో బుడగలు ఆగకుండా వస్తుంటే, రాత్రంతా ఆగిన బండి పైగొట్టం పొద్దున్న కూడా గట్టిగా ఉబ్బి ఉంటే, అది హెడ్ గాస్కెట్. అనుమానం తీర్చుకోవడానికి నీలిద్రవంతో చేసే పరీక్ష ఉంది: రేడియేటర్ నోట్లోని గాలిని ఆ ద్రవంలోంచి పీలిస్తే, పొగ కలిసి ఉన్నప్పుడు అది పసుపుపచ్చగా మారుతుంది.

వేసవిని జనవరిలోనే తెప్పించుకోవచ్చు. మిట్టమధ్యాహ్నం, ఎండలో, బండి నిలబెట్టి, ఏసీ పూర్తిగా పెట్టి, 1,500 నుంచి 2,000 ఆర్‌పీఎం దగ్గర ఇరవై నిమిషాలు ఉంచండి. టెంపరేచర్ గేజీ ముల్లు మధ్య గీతను దాటకూడదు. ఆ వెంటనే భాకరాపేట ఘాటో, చిత్తూరు వాళ్ళయితే పలమనేరు వెళ్ళే దారిలో మొగిలి ఘాటో ఎక్కించండి. రెండో గేరులో మెల్లగా ఎక్కేటప్పుడు ముందునుంచి గాలి తక్కువ, ఇంజిన్‌కు భారం ఎక్కువ. నిజం అక్కడే తేలుతుంది. గేజీ లేకుండా లైటు మాత్రమే ఉన్న చాలా బళ్ళలో తాళం ఆన్ చేయగానే ఆ లైటు ఒకసారి వెలిగి ఆరాలి. వెలగకపోతే దాన్ని పీకేశారేమో చూడండి.

ఇప్పటికే కొని మోసపోయినవాళ్ళు బాధపడుతూ కూర్చోకండి, బాగుచేసుకోవచ్చు. చలికాలం పని చేయించడానికి మంచి సమయం. ఇంజిన్ చల్లగా ఉండగా పాతనీళ్ళు దింపండి. మంచినీళ్ళు నింపి, హీటర్ పూర్తి వేడికి పెట్టి, ఫ్యాన్ రెండుసార్లు తిరిగేదాకా నడిపి, చల్లారాక మళ్ళీ దింపండి. తేటనీళ్ళు వచ్చేదాకా ఇలా మూడు నాలుగుసార్లు చేసి, ఆఖరిసారి డిస్టిల్డ్ వాటర్‌తో కడగండి. కొత్త థర్మోస్టాట్ ఇంటికి తెచ్చాక పాత గిన్నెలో నీళ్ళు పోసి, దాన్ని దారంతో వేలాడదీసి కాచండి. చెక్కిన అంకె దగ్గర తెరుచుకుంటేనే బిగించండి. గాలి పోయే చిన్న రంధ్రం ఉంటే అది పైవైపు ఉండాలి. గాస్కెట్ కొత్తది వేయండి. కడిగినా కొంత నీరు ఇంజిన్లోనే మిగులుతుంది కాబట్టి ముందే నీళ్ళు కలిపిన కూలెంట్ పోయకండి. మాన్యువల్‌లో చెప్పిన మొత్తంలో సగం చిక్కటి కూలెంట్ ముందు పోసి, మిగతాది డిస్టిల్డ్ వాటర్‌తో నింపండి. బండి ముక్కు ఎత్తుగా ఉండేలా వాలు మీద నిలిపి, ఇంజిన్ చల్లగా ఉండగానే మూత తీసి, హీటర్ పెట్టి, నిలబెట్టే ఇంజిన్ ఆన్ చేసి పైగొట్టాన్ని పిసికితే గాలి బుడగలు బయటికొస్తాయి. ఇదంతా ప్రయాణానికి పది రోజుల ముందే చేయండి. తుప్పు ముద్దలు పోయాక దాగిన లీకులు బయటపడటం పాత బళ్ళలో మామూలే, వాటర్ పంపు కింద చుక్కలు పడతాయేమో రోజూ చూసుకోవాలి.

షాపులో కూలెంట్ కొనేటప్పుడు డబ్బా వెనకవైపు చదవండి. నేరుగా పోసేదని రాసి ఉంటే అందులో నీళ్ళు కలపకూడదు. చిక్కటిదయితే కలపాలి. గ్లైకాల్ శాతం, జేఐఎస్ కే 2234 (కూలెంట్‌కు జపాన్ ప్రమాణం) లాంటి ప్రమాణం రాసి లేని డబ్బాను పక్కన పెట్టేయండి. మూతకింద సీలు తెగి ఉంటే తీసుకోకండి. పాతరకం పచ్చది రెండేళ్ళకు మార్చాలి, ఎక్కువకాలం నిలిచే ఆర్గానిక్ రకాన్ని దాంతో కలపకూడదు.

బ్యాటరీ, టైర్లకు కొత్త స్టిక్కర్లు, నల్లపాలిష్ చూసి మోసపోకండి. ఒక రాత్రి ఆగాక బ్యాటరీ 12.6 వోల్టులు, ఇంజిన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.4 చూపాలి. టైరు పక్కగోడ మీద నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఆరేళ్ళు దాటినవి ఎంత మందంగా ఉన్నా మార్చాల్సినవే.

ఈ హీటర్ గొడవంతా ఎందుకంటే, కార్తీకమాసపు వానలో, ధనుర్మాసపు మంచులో తిరుమల ఘాట్ మీద నలుగురు కూర్చున్న బండి అద్దం నిమిషంలో పొగబారుతుంది. గుడ్డతో తుడుస్తూ మలుపులు తిప్పడం చావుతో ఆట. ఏసీ, హీటర్ రెండూ కలిపి పెట్టి, బయటి గాలి తీసుకునే వైపు మీట తిప్పి, అద్దం మీదికి వదలాలి. ఏసీ తేమను లాగుతుంది, హీటర్ అద్దాన్ని వెచ్చబరుస్తుంది. థర్మోస్టాట్ లేని బండిలో ఈ రెండో సగం ఉండదు. సరిగ్గా ఉన్న పాత బండయితే ఆ చలిలో, తెరలు తెరలుగా మంచు కదులుతుంటే, హార్స్‌లీ హిల్స్ ఎక్కడం ఎంత హాయో నడిపినవాళ్ళకే తెలుసు. కొత్త బండిలో ఆ ఇంజిన్ చప్పుడు వినపడదు.

అడ్వాన్సు రసీదు మీద మూడు వాక్యాలు రాయించి సంతకం తీసుకోండి: థర్మోస్టాట్ బిగించి ఉంది, రేడియేటర్ ఫ్యాన్ డైరెక్టు చేయలేదు, హీటర్ గొట్టాలు కలిపేయలేదు. తేదీ, కిలోమీటరు మీటరు అంకె కూడా వేయించండి. సంతకానికి వెనకాడే మనిషి దగ్గర బేరం ఎంత తగ్గినా ఆ బండి కొనకండి.