‘ర్యాలీకి రెడీ’ అని అమ్ముతున్న పాత రెండు తలుపుల హెరాల్డ్ కారుతో జాగ్రత్త

పాత బండ్ల మీద మోజున్న మన గోదావరి జిల్లాల వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నాకు 1,85,000 రూపాయలు పోయాయి. డబ్బు సంగతి అలా ఉంచితే, మా బావ కాలో చెయ్యో పోయేది.

రెండేళ్లుగా మా ఇద్దరికీ ఒకటే పిచ్చి. పాత బండి కొనాలి, అక్కర్లేని బరువంతా పీకేయాలి, కేజ్ (బోల్తా పడినా లోపలివాళ్లు నలిగిపోకుండా కారు లోపల బిగించే పైపుల చట్రం) వేసి ముందు ఆటోక్రాస్‌లో, అంటే మైదానంలో పెట్టే చిన్న రేసులో, తర్వాత ర్యాలీలో దిగాలి. ఈ పనికి స్టాండర్డ్ హెరాల్డ్ భలే బండి. 1961లో మద్రాసులో తయారీ మొదలైంది. 948 సీసీ ఇంజన్, బరువు 800 కిలోలకి అటూ ఇటూ. ఛాసిస్ కింద వేరేగా ఉంటుంది, దాని మీద బాడీని ముక్కలుగా బోల్టులతో బిగిస్తారు. స్పానర్లుంటే పెరట్లోనే విప్పుకోవచ్చు. బానెట్ మొత్తం ముందుకి లేస్తుంది కాబట్టి టైరు మీద కూర్చుని ఇంజన్ పని చేసుకోవచ్చు. మొదట్లో వచ్చినవి రెండు తలుపులవి. మన వైపు రెండు తలుపులుంటే చాలు కూపే అనేస్తారు, మాకు బండి అమ్మినాయన ప్రకటనలోనూ అలాగే రాశాడు.

బండి రాజోలు దాటాక ఒక ఊళ్లో, కొబ్బరితోట పక్క షెడ్డులో ఉంది. లేత పచ్చ రంగు, లోపల పసుపు కేజ్, వెనక సీటు లేదు, పక్క అద్దాల బదులు ప్లాస్టిక్. "ఆయ్, మొత్తం సీమ్‌లెస్ పైపేనండి. 620 కిలోలకి దింపేశానండి. ఇరవై ఏళ్లుగా షెడ్డు దాటలేదండి, వాన చుక్క పడలేదండి" అన్నాడు. స్టార్ట్ చేస్తే ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. సైలెన్సర్ మోత వినగానే మా బావ మొహం చూడాలి! నేను ఆయిల్ చూశాను, ప్లగ్గులు చూశాను, రేడియేటర్ మూత తీసి చూశాను. కింద దూరి చూడలేదు. తెల్ల చొక్కా వేసుకెళ్లాను మరి.

ఇంటికి తెచ్చే దారిలో ధాన్యం కాటా కనిపిస్తే సరదాకి ఎక్కించాం. 760 కిలోలు! సీట్లు లేవు, అద్దాలు లేవు, అయినా 760. ఆ బరువు ఎక్కడుందో తర్వాత తెలిసింది. వెనక చక్రం పైన రంగు గీకితే పుట్టీ, దాని కింద ఇంకా పుట్టీ, అరంగుళం మందాన. దాని కింద రేకే లేదు. పడవలకి వేస్తారే ఫైబర్ మ్యాట్, అది రెసిన్‌తో అంటించి ఉంది. గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం జేబులో వేసుకెళ్లి ఉంటే రెండు నిమిషాల్లో బయటపడేది. పది రూపాయల వస్తువు.

వారం తర్వాత ఊరి చివర ఖాళీ వెంచర్‌లో కంకర రోడ్ల మీద మెల్లగా తిప్పి చూద్దామని తీసుకెళ్లాం. బావ స్టీరింగ్ పూర్తిగా కోసి వెనక్కి తిప్పుతున్నాడు, స్పీడు 10 కూడా లేదు. కొబ్బరిమట్ట విరిగినట్టు ఒక చప్పుడు. ఎడమ ముందు చక్రం పక్కకి మడతపడి బండి మూతి నేలకి ఆనుకుంది. దిగి చూస్తే, చక్రాన్ని నిలబెట్టే ఉక్కు కడ్డీ కింది చివర, మరలున్న చోట, తెగిపోయింది. తెగిన చోట ముప్పావు వంతు నల్లగా పాత తుప్పు, మిగతా కాస్తా తళతళలాడుతోంది. అంటే మేం కొనేటప్పటికే ముప్పావు వంతు తెగి ఉంది. మొన్న కాలవ గట్టు మీద 60లో వచ్చాం!

హెరాల్డ్‌కి ఇది పాత జబ్బే. ఆ కడ్డీ మరలు ట్రనియన్ అనే కంచు దిమ్మలో తిరుగుతాయి. అందులో గేర్ ఆయిల్ పోస్తూ ఉండాలి. గ్రీజు కొడితే అది గట్టిపడి పైదాకా చేరదు, లోపలికి దిగిన నీళ్లు అక్కడే ఉండి ఉక్కుని తినేస్తాయి. మా బండి ట్రనియన్ విప్పితే లోపల ఎండిన గ్రీజు, పాత కుంకుడుకాయ గుజ్జులా. కొనేముందు ముందు చక్రం జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి. కదులుతుంటే సంగతేంటో తేలేదాకా నడపొద్దు. ఊగకపోయినా కొన్న వెంటనే విప్పి మరలు చూసుకోవాల్సిందే.

ఇక కేజ్. మా ఊరి వెల్డింగ్ బాబాయి నల్ల ఫోమ్ విప్పి పైపు మీద గోటితో కొట్టి నవ్వాడు. "ఇది గేటు పైపు రా అబ్బాయీ." ఒక ముక్క కోసి చూపించాడు. లోపల నిలువునా వెల్డింగ్ అతుకు గీత కనిపిస్తోంది, వెర్నియర్ పెడితే మందం 1.2 మిల్లీమీటర్లు. ప్రపంచ మోటార్ రేసుల సంస్థ ఎఫ్ఐఏ నిబంధనల ప్రకారం తల వెనక ఉండే మెయిన్ హూప్‌కి అతుకు లేని, చల్లగా లాగిన ఉక్కు గొట్టం వాడాలి. 45 మిల్లీమీటర్ల వ్యాసం, 2.5 మందం, లేదా 50కి 2. దాని కాళ్లు ఆనే చోట కనీసం 3 మిల్లీమీటర్ల మందం, 120 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం ఉన్న ప్లేటు, మూడు ఎం8 బోల్టులు ఉండాలి. మా కేజ్ కాళ్లు దేని మీద ఉన్నాయో తెలుసా? మ్యాట్ ఎత్తితే రెసిన్ పూసిన అట్టముక్క. బండి బోల్తా పడితే ఆ పైపులు నేలలోంచి పొడుచుకెళ్లేవి. అలాంటి కేజ్ ఉండడం కంటే లేకపోవడమే మేలు. అది లేకపోతే కనీసం ధీమా ఉండదు.

తేలిక చెయ్యడం అంటే ఊడబెరకడమే అనుకున్నాడు ఆ మనిషి. హెరాల్డ్ వెనక చక్రాలవి స్వింగ్ యాక్సిల్స్, అంటే చక్రంతో పాటే పైకీ కిందకీ ఊగే ఇరుసులు, పైన అడ్డంగా ఒకటే లీఫ్ స్ప్రింగ్. వెనక బరువు తీసేసి అదే స్ప్రింగ్ ఉంచితే తోక పైకి లేస్తుంది, చక్రాల అడుగులు లోపలికి ముడుచుకుంటాయి. మలుపులో గట్టిగా వెళ్లి ఒక్కసారి యాక్సిలరేటర్ వదిలితే బయటి చక్రం ఇంకా లోపలికి మడుచుకుని బండి గిర్రున తిరుగుతుంది. వెనక నుంచి నిలబడి చూస్తే తెలిసిపోతుంది: చక్రాలు పైన ఎడంగా, కింద దగ్గరగా ఉంటే స్ప్రింగ్ ముట్టుకోలేదన్నమాట. మాది సరిగ్గా అలాగే ఉంది. నేనేమో దాన్ని ర్యాలీ స్టాన్స్ అనుకుని ఫోటో తీసి స్టేటస్ పెట్టాను.

బాడీ ఎత్తాక ఛాసిస్ చూశాం. బరువు తగ్గించడానికని, పక్కలకి చాచి బాడీని మోసే దాని చేతులకి గుండ్రంగా, చక్కగా బెజ్జాలు వేశాడు, అసలే తుప్పుతో పల్చబడ్డ చోట. సుత్తితో కొడితే డబ్బా మోత రావాల్సింది, దబ్‌మని చప్పుడు. చిన్న బెజ్జం వేస్తే బూడిదరంగు నీళ్లు, వాటి వెనకే ఒండ్రు. తడి ఒండ్రు! అందులో కొబ్బరి పీచు పోగు. తలుపు లోపలి అట్ట విప్పితే నడుమెత్తున ఒండ్రు గీత, రెండు తలుపులకీ ఒకే మట్టంలో. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు ఆ షెడ్డు వైపు లంకలన్నీ నీళ్లలోనే ఉన్నాయి. ఆ వరదలోనే మునిగిందని నేను రుజువు చెయ్యలేను గానీ, వాన చుక్క పడని బండి తలుపులోకి ఒండ్రు నడిచి రాదు కదా.

కాగితాల సంగతి క్లుప్తంగా చెప్తాను. పుస్తకం ఆర్సీలో ఉన్న యజమాని ఎప్పుడో పోయారట. అప్పుడు వారసుల పేరు మీదకి ఫారం 31తో మారాలి, ఆ తర్వాతే నా పేరు మీదకి ఫారాలు 29, 30తో. అమ్మినాయన మాత్రం సంతకాలున్న ఖాళీ 29, 30 చేతిలో పెట్టాడు. నేను తీసుకున్నాను, అదీ నా తెలివి. "యాభై ఏళ్లు దాటిందండి, వింటేజ్ కింద చేయించుకోండి" అని కూడా చెప్పాడు. 2021లో వచ్చిన ఆ నిబంధన ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చని బండ్లకే వర్తిస్తుంది. బెజ్జాలు కొట్టి, గేటు పైపులు దింపిన దానికి కాదు. ర్యాలీలో ఒక స్టేజి (రేసు జరిగే దారి) నుంచి ఇంకో స్టేజికి వెళ్లేది మామూలు రోడ్డు మీదే, ఆర్సీ ఇన్సూరెన్స్ లేకుండా ఎక్కడికి వెళ్తాం?

ఫోన్ చేస్తే మొదటిసారి "చూద్దావండి" అన్నాడు, రెండోసారి ఎత్తలేదు. ఇంజన్, గేర్‌బాక్స్ మాత్రం నిజంగానే బాగున్నాయి, ఆ మాట ఒప్పుకోవాలి. వాటికోసం ఇప్పుడు ఎవరూ చెయ్యి పెట్టని బండి వెతుకుతున్నాం. రంగు వెలిసినా, తుప్పు పైకి కనిపిస్తున్నా పర్వాలేదు.

ఆయన దగ్గర ఇంకో రెండు తలుపుల బండి అమ్మకానికి ఉందని మొన్న అమలాపురంలో ఒకాయన చెప్పాడు. అది క్రీమ్ రంగు, కేజ్ ఎరుపు. ధర 2,10,000 చెప్తున్నాడట.